ఒక్క అప్‌డేట్‌తో టేబుల్ మొత్తం మారిపోయింది, పాత విలువలు తిరిగి తేవడం ఎలా?

మిర్చియార్డ్ | శుక్రవారం రాత్రి 8:52

అందరికీ నమస్కారం. గుంటూరులో ఎరువులు, విత్తనాలు అమ్మే ఒక సంస్థ ఆఫీసులో పని చేస్తాను. చదివింది బీకాం. లెక్కలు చూస్తుంటే నెమ్మదిగా డేటాబేస్ పని కూడా నా మీదకే వచ్చింది. సాయంత్రం నుంచి అన్నం సయించడం లేదు, దయచేసి ఎవరైనా దారి చెప్పండి.

మా దగ్గర 'రైతులు' అనే టేబుల్ ఉంది. ఐడీ, పేరు, ఊరు, మండలం, జిల్లా, ఫోన్, బాకీ అనే కాలమ్‌లు. మొత్తం 6,218 రికార్డులు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు 13 నుంచి 26 అయినప్పుడు దీన్ని ఎవరూ ముట్టుకోలేదు. తర్వాత చేరినవాళ్లకు కొత్త జిల్లా, అంతకుముందు ఉన్నవాళ్లకు పాత జిల్లా అలాగే ఉండిపోయాయి. వినుకొండ రైతుకు ఇప్పటికీ గుంటూరు జిల్లా అనే ఉత్తరం వెళ్తోంది. ఈ రోజు సరిచేద్దామని కూర్చున్నాను. డేటాబేస్‌కు ఇచ్చే ఆదేశాన్ని, అంటే క్వెరీని, ఇలా రెండు లైన్లలో రాశాను:

అప్‌డేట్ రైతులు సెట్ జిల్లా = 'పల్నాడు'
వేర్ మండలం = 'వినుకొండ';

ఏ వరుసలు మార్చాలో చెప్పే వేర్ రాయడం మర్చిపోలేదు. కానీ మౌస్‌తో మొదటి లైన్ ఒక్కటే సెలెక్ట్ అయి ఉంది. ఎడిటర్ సెలెక్ట్ అయినంత వరకే రన్ చేసేసింది. కింద '5,771 వరుసలు మారాయి' అని వచ్చింది. వినుకొండ రైతులు మా దగ్గర మూడొందలు కూడా ఉండరు. చూస్తే తెనాలి పల్నాడు, చీరాల పల్నాడు, రేపల్లె పల్నాడు. అందరూ పల్నాడే.

బ్యాకప్ ఉంది గానీ 12 రోజుల కిందటిది. దాన్ని ఎక్కిస్తే ఈ 12 రోజుల్లో చేరిన 140 మంది పోతారు, కట్టిన బాకీలన్నీ వెనక్కి వెళ్తాయి. సోమవారం పొద్దున కౌంటర్ తెరిచేలోపు ఏం చేయాలి?

తెనాలి_కోడర్ | 8:58

అన్నా టెన్షన్ పడకు. రోల్‌బ్యాక్ అని టైప్ చేసి రన్ చెయ్యి, వెనక్కి వచ్చేస్తుంది.

మిర్చియార్డ్ | 9:03

చేశాను తమ్ముడూ. ఎర్రర్ ఏమీ రాలేదు. కానీ జిల్లాలు కూడా వెనక్కి రాలేదు.

డీబీఏ_అక్క | 9:20

మిర్చియార్డ్ గారూ, ముందు ఆ టేబుల్ మీద ఇంకే క్వెరీ నడపకండి. ఇలాంటప్పుడు అసలు తప్పు కంటే దాన్ని కంగారులో సరిచేయబోయి చేసే రెండో తప్పే ఎక్కువ నష్టం చేస్తుంది. పన్నెండేళ్లుగా ఈ పనిలో ఉన్నాను, చాలాసార్లు చూశాను.

తమ్ముడు చెప్పిన రోల్‌బ్యాక్ మీకు పనిచేయదు. మైఎస్‌క్యూఎల్, మారియాడీబీ అనే డేటాబేస్‌లు రెండింటిలోనూ ఆటోకమిట్ మొదటి నుంచీ ఆన్‌లోనే ఉంటుంది. మీరు ముందుగా 'స్టార్ట్ ట్రాన్సాక్షన్' అని చెప్పకపోతే ప్రతి అప్‌డేట్ నడిచిన వెంటనే ఖాయమైపోతుంది. ఆ తర్వాత రోల్‌బ్యాక్ అంటే వెనక్కి తీసుకోవడానికి దాని దగ్గర ఏమీ మిగలదు. అందుకే ఎర్రర్ కూడా రాలేదు.

ఇప్పుడు ఒక్కటే చేయండి. ఉన్న టేబుల్‌ను ఉన్నట్టుగా, తప్పు జిల్లాలతో సహా, ఒక కాపీ తీయండి:

క్రియేట్ టేబుల్ రైతులు_శుక్రవారం యాజ్ సెలెక్ట్ * ఫ్రమ్ రైతులు;

తప్పు డేటాకు కాపీ ఎందుకని అనుకోవద్దు. బాకీలు, ఫోన్లు, కొత్త 140 మంది అందులో సరిగ్గానే ఉన్నారు. రేపు ఏదైనా తేడా వస్తే కనీసం ఈ రాత్రి ఉన్న చోటికైనా తిరిగి రావచ్చు.

తర్వాత ఇవి చెప్పండి. ఏ డేటాబేస్, ఎక్కడ నడుస్తోంది? బ్యాకప్ ఫైలు ఎస్‌క్యూఎల్ డంపా (టేబుల్‌ను మళ్లీ కట్టే ఆదేశాలున్న ఫైలు), లేక ఫోల్డర్‌ను అలాగే కాపీ చేసి పెట్టుకున్నారా? ప్రతి మార్పునూ రాసి పెట్టే లాగ్ ఉందో లేదో తెలియడానికి 'షో వేరియబుల్స్ లైక్ లాగ్_బిన్' అని అడిగితే ఆన్ అంటోందా, ఆఫ్ అంటోందా? మండలం కాలమ్ చెక్కుచెదరకుండా ఉందా?

విశాఖ_ఒరాకిల్ | 9:31

ఒరాకిల్ డేటాబేస్ అయితే ఈపాటికి పని అయిపోయేది. అందులో కమిట్ చేసేదాకా, అంటే ఖాయం చేసేదాకా, మార్పు మన సెషన్‌కే కనిపిస్తుంది. పొరపాటున కమిట్ చేసినా ఫ్లాష్‌బ్యాక్ క్వెరీ ఉంది: 'యాజ్ ఆఫ్ టైమ్‌స్టాంప్' అని అరగంట కిందటి సమయం ఇస్తే అప్పటి టేబుల్‌నే చూపిస్తుంది. పాత విలువలు దాచే అన్‌డూ డేటా మిగిలి ఉన్నంతసేపే అనుకోండి, అందుకే తప్పు తెలిసిన నిమిషంలోనే వాడుకోవాలి.

అలాగని అన్నీ లాభాలే కాదు. మా ఆఫీసులో ఒకాయన అప్‌డేట్ చేసి, కమిట్ చేయకుండా భోజనానికి వెళ్లారు. ఆ వరుసల మీద ఆయన లాక్ అలాగే ఉండిపోయింది. అదే రికార్డులు మార్చాల్సిన నలుగురం గంటసేపు తెర వంక చూస్తూ కూర్చున్నాం.

మిర్చియార్డ్ | 9:48

అక్కా, కాపీ తీశాను. 6,218 వచ్చాయి. జాంప్ అనే ప్యాకేజీలో వచ్చిన మారియాడీబీ, ఆఫీసు కంప్యూటర్‌లోనే. బ్యాకప్ ఎస్‌క్యూఎల్ డంప్. లాగ్_బిన్ ఆఫ్ అని చూపిస్తోంది. మండలం, ఊరు కాలమ్‌లు అలాగే ఉన్నాయి.

డీబీఏ_అక్క | 10:15

లాగ్_బిన్ ఆన్‌లో ఉండి, ఫార్మాట్ రో అయి ఉంటే ప్రతి వరుసకూ మార్పుకు ముందు విలువ, తర్వాత విలువ రెండూ ఆ లాగ్‌లోంచి తీసుకునేవాళ్లం. మైఎస్‌క్యూఎల్ 8లో అది ముందే ఆన్‌లో ఉంటుంది, మారియాడీబీలో మనమే ఆన్ చేసుకోవాలి. ఆ దారి లేదు. అయినా మీ దగ్గర రెండు గట్టి ఆధారాలున్నాయి: 12 రోజుల కిందటి డంప్, చెడిపోని మండలం కాలమ్.

డంప్‌ను అసలు డేటాబేస్‌లోకి ఎక్కించొద్దు. 'పాతది' అని ఖాళీ డేటాబేస్ ఒకటి సృష్టించి అందులోకి ఎక్కించండి. ఎక్కించే ముందు డంప్ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి, 'యూజ్' అనే లైను ఎక్కడైనా ఉందేమో వెతకండి. ఉంటే మీరు ఏ డేటాబేస్ ఎంచుకున్నా అది నేరుగా అసలు దాంట్లోకే వెళ్తుంది. డంప్‌లో సాధారణంగా 'డ్రాప్ టేబుల్ ఇఫ్ ఎగ్జిస్ట్స్' కూడా ఉంటుంది కాబట్టి ఈ రోజు టేబుల్ చెరిగిపోయి పాతది కూర్చుంటుంది. ఆ లైను కనిపిస్తే తీసేసి, వేరే పేరుతో సేవ్ చేసి, అప్పుడు ఎక్కించండి.

తర్వాత జిల్లా ఒక్కటే పాతదాంట్లోంచి తెచ్చుకోవాలి. బాకీ, ఫోన్ ముట్టుకోకూడదు. ముందు సెలెక్ట్‌తో చూడండి, అది ఏదీ మార్చదు. జాయిన్ అంటే రెండు టేబుళ్లలో ఒకే ఐడీ ఉన్న వరుసలను జోడీ కట్టడం:

సెలెక్ట్ కౌంట్(*) ఫ్రమ్ రైతులు ర జాయిన్ పాతది.రైతులు ప ఆన్ ర.ఐడీ = ప.ఐడీ;

6,218లోంచి 140 తీసేస్తే 6,078. అంతే రావాలి. రాకపోతే ఆగి ఇక్కడ రాయండి. వస్తే ఇలా:

స్టార్ట్ ట్రాన్సాక్షన్;
అప్‌డేట్ రైతులు ర జాయిన్ పాతది.రైతులు ప ఆన్ ర.ఐడీ = ప.ఐడీ సెట్ ర.జిల్లా = ప.జిల్లా;

ఇక్కడ జాయిన్ ఎందుకంటే, చాలామంది ఈ పనిని సబ్‌క్వెరీతో (క్వెరీ లోపల ఇంకో క్వెరీ) చేస్తారు: సెట్ జిల్లా = (సెలెక్ట్ జిల్లా ఫ్రమ్ పాతది.రైతులు వేర్ ఐడీలు సమానం). చూడ్డానికి ఒకేలా ఉంటుంది. కానీ దానికి బయట వేర్ లేకపోతే, పాత టేబుల్‌లో లేని 140 మందికి సబ్‌క్వెరీ ఏమీ ఇవ్వదు, వాళ్ల జిల్లా నల్, అంటే ఖాళీ, అయిపోతుంది. జాయిన్ రాస్తే జోడీ దొరకని వరుసల జోలికి వెళ్లదు.

ట్రాన్సాక్షన్ మొదలుపెట్టే ముందు 'షో టేబుల్ స్టేటస్'లో ఇంజిన్ (టేబుల్‌ను నిల్వచేసే పద్ధతి) ఏమిటో చూడండి. ఇన్నోడీబీ అయితేనే రోల్‌బ్యాక్ పనిచేస్తుంది. మైఐశామ్ టేబుల్‌కు ట్రాన్సాక్షన్లు లేవు, స్టార్ట్ అన్నా రోల్‌బ్యాక్ అన్నా తలూపుతుంది, చేసేది ఏమీ ఉండదు.

ఇది ఈ రాత్రి చేయొద్దు. నిద్రపోయి రేపు పొద్దున చేయండి.

ఓరుగల్లు_77 | 10:40

మిర్చియార్డ్ గారూ, మీ కథ చదువుతుంటే మా రోజులు గుర్తొచ్చాయి. తెలంగాణలో 2016 అక్టోబర్ 11న 10 జిల్లాలు 31 అయ్యాయి. 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట కలిసి 33. అప్పుడు నేను ఒక చిన్న ఫైనాన్స్ ఆఫీసులో ఖాతాదారుల టేబుల్ చూసేవాణ్ణి. మీకు ఎదురుకాని ఒక చిక్కు మాకు ఎదురైంది, అదే చెప్తాను.

2021లో వరంగల్ అర్బన్ జిల్లా పేరు హనుమకొండ అయింది. వరంగల్ రూరల్ పేరు వరంగల్ అయింది. చూడ్డానికి రెండు అప్‌డేట్ల పని. రూరల్ అని ఉన్నచోట వరంగల్, అర్బన్ అని ఉన్నచోట హనుమకొండ. వేర్ కూడా సరిగ్గానే రాశాను, వచ్చిన లెక్క కూడా సరిపోయింది, కమిట్ చేశాను.

అయితే మా టేబుల్‌లో 2016కు ముందు ఉమ్మడి జిల్లా నాటి ఖాతాలు 'వరంగల్' అనే ఉన్నాయి. వాటిని అప్పటికి ఎవరూ మార్చలేదు. వాటిలో జనగామ వాళ్లున్నారు, మహబూబాబాద్ వాళ్లున్నారు, భూపాలపల్లి వాళ్లున్నారు. నా అప్‌డేట్ తర్వాత రూరల్ నుంచి వచ్చిన వరంగల్, ఉమ్మడి నాటి వరంగల్ ఒకే మాట అయిపోయాయి. వెనక్కి తిప్పుదామని 'వరంగల్'ను మళ్లీ 'వరంగల్ రూరల్' చేస్తే జనగామ ఖాతా కూడా రూరల్ అవుతుంది. రెండు చెరువుల నీళ్లు ఒక కాలవలో కలిసినట్టే. ఏది ఏ చెరువుదో విడదీయలేము.

అందుకే చెబుతున్నాను. అప్‌డేట్‌ను ఎదురు అప్‌డేట్‌తో సరిచేయవచ్చని ఎప్పుడూ అనుకోవద్దు. మీరు రాయబోయే కొత్త విలువ ఆ కాలమ్‌లో ముందే ఉందేమో చూడాలి. 'సెలెక్ట్ జిల్లా, కౌంట్(*) ఫ్రమ్ రైతులు గ్రూప్ బై జిల్లా' అని నడిపి, ఒక్కో జిల్లాకు ఎన్ని వరుసలో చూపించే ఆ జాబితాను కాగితం మీద ప్రింట్ తీసుకుని పక్కన పెట్టుకోండి. నేను ఆ రోజు ఆ ఒక్క పని చేసి ఉంటే 'వరంగల్' పేరు ముందే కనిపించేది. చివరికి పాత దరఖాస్తులు తీసి, 900 పైచిలుకు ఖాతాల ఊళ్లు ఒక్కొక్కటి చూసి విడదీశాం. మూడు వారాలు పట్టింది.

బీటెక్_మూడో_ఏడు | 10:58

ఇక్కడ అడగవచ్చో లేదో, ఇదీ అప్‌డేట్ సందేహమే. మార్కుల టేబుల్‌లో 'సెట్ మార్కులు = 62 అండ్ గ్రేడ్ = బి వేర్ రోల్ = 41' అని రాస్తే ఎర్రర్ రాలేదు, కానీ మార్కులు 0 అయ్యాయి, గ్రేడ్ మారలేదు. ఇంకోటి, ఇంటర్నల్, ఎక్స్‌టర్నల్ మార్కులు తారుమారుగా ఎక్కాయి. 'సెట్ ఇంటర్నల్ = ఎక్స్‌టర్నల్, ఎక్స్‌టర్నల్ = ఇంటర్నల్' అంటే రెండూ ఒకే అంకె అయ్యాయి. మైఎస్‌క్యూఎల్ వాడుతున్నాను.

డీబీఏ_అక్క | 11:10

తప్పకుండా అడగొచ్చు తమ్ముడూ. మొదటిది: సెట్‌లో కాలమ్‌ల మధ్య కామా పెట్టాలి, అండ్ కాదు. నువ్వు అండ్ పెట్టేసరికి మైఎస్‌క్యూఎల్ దాన్ని 'మార్కులు = (62 అండ్ గ్రేడ్ బి అవునా)' అని చదువుకుంది. గ్రేడ్ అప్పటికి బి కాదు కాబట్టి జవాబు కాదు, అంటే 0. ఆ 0 తీసుకెళ్లి మార్కుల్లో పెట్టింది. గ్రేడ్ ముందే బి అయి ఉంటే 1 వచ్చేది. పోస్ట్‌గ్రెస్ లాంటి డేటాబేస్‌లు ఇక్కడ రకం కుదరలేదని ఆపేస్తాయి.

రెండోది: మైఎస్‌క్యూఎల్ సెట్‌ను ఎడమ నుంచి కుడికి వరుసగా చేస్తుంది. మొదట ఇంటర్నల్ మారిపోయింది, ఆ మారిన అంకెనే ఎక్స్‌టర్నల్‌కు ఇచ్చింది. ఒరాకిల్, పోస్ట్‌గ్రెస్, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో సమానానికి కుడివైపు ఉన్నవన్నీ పాత విలువలే, కాబట్టి అక్కడ నీ క్వెరీ సరిగ్గా మారుస్తుంది. నువ్వు ఒక తాత్కాలిక కాలమ్ పెట్టుకుని మార్చుకో. ఇప్పటికే చెడిన వరుసలకు మాత్రం అసలు మార్కుల జాబితా తెచ్చుకోక తప్పదు.

డల్లాస్_నుంచి | శనివారం ఉదయం 6:25

ఇక్కడ మాకు ఇంకా శుక్రవారం రాత్రే. పోస్ట్‌గ్రెస్ వాడేవాళ్ల కోసం ఒక మాట. అప్‌డేట్ చివర 'రిటర్నింగ్ *' అని పెడితే మారిన వరుసలను మారాక అక్కడికక్కడే చూపిస్తుంది. ట్రాన్సాక్షన్ మొదలుపెట్టే బిగిన్ చెప్పకుండా నేను అప్‌డేట్ రాయను. బిగిన్, అప్‌డేట్, రిటర్నింగ్, కళ్లతో చూడటం, అప్పుడు కమిట్.

పోస్ట్‌గ్రెస్‌లో అప్‌డేట్ అంటే ఉన్న వరుసను చెరిపి రాయడం కాదు. కొత్త వరుస ఒకటి రాసి, పాతదాన్ని చెల్లనిదిగా గుర్తు పెడుతుంది. పాతవాటిని తర్వాత వాక్యూమ్ అనే శుభ్రపరిచే పని ఊడుస్తుంది. కోటి వరుసలను ఒకేసారి మారిస్తే టేబుల్ దాదాపు రెండింతలు ఉబ్బుతుంది. మా టీమ్‌లో ఐడీల ప్రకారం పదివేల చొప్పున విడగొట్టి, ఒక్కో విడతకు కమిట్ చేస్తాం. మిర్చియార్డ్ అన్నయ్యకు ఆరువేలే కాబట్టి ఈ బాధ లేదు.

మిర్చియార్డ్ | శనివారం మధ్యాహ్నం 12:35

అక్కా, డంప్‌లో నిజంగానే 'యూజ్' లైను ఉంది! మీరు చెప్పకపోతే ఏమయ్యేదో తలుచుకుంటేనే చేతులు చల్లబడుతున్నాయి. తీసేసి 'పాతది'లోకి ఎక్కించాను. ఇంజిన్ ఇన్నోడీబీ. సెలెక్ట్ కౌంట్ 6,078 వచ్చింది. ట్రాన్సాక్షన్ మొదలుపెట్టి జాయిన్ అప్‌డేట్ నడిపాను.

'మ్యాచ్ అయినవి 6,078, మారినవి 5,666' అని చూపిస్తోంది. 412 తేడా ఎందుకు వచ్చింది? ఇంకా కమిట్ చేయలేదు, అలాగే ఆగాను.

డీబీఏ_అక్క | 12:50

ఆగడం మంచి పని. రాసే విలువ ముందే ఉన్న విలువే అయితే మారియాడీబీ దాన్ని మారినట్టు లెక్కపెట్టదు. ఇప్పుడు టేబుల్‌లో అందరూ పల్నాడే కదా. పాత డంప్‌లో కూడా పల్నాడు అని ఉన్నవాళ్లు 412 మంది అయి ఉండాలి. పాతదాంట్లో పల్నాడు వాళ్లను లెక్కపెట్టి చూడండి. సరిగ్గా 412 వస్తే కమిట్ చేయండి.

మిర్చియార్డ్ | 12:58

412. కమిట్ చేశాను. చీరాల వాళ్లు తమ పాత జిల్లాకే వచ్చారు, అంటే ప్రకాశానికి. మిగిలింది ఆ 140 మంది.

డీబీఏ_అక్క | 1:20

వాళ్లకు మండలం నుంచి జిల్లా కట్టాలి. మండలం, జిల్లా అనే రెండు కాలమ్‌లతో 'మండలాలు' టేబుల్ ఒకటి తయారుచేయండి. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో జిల్లాలకూ మండలాలకూ కోడ్‌లు దొరుకుతాయి, వాటినే తీసుకోండి. పేర్లతో కలిపితే చిక్కులుంటాయి. రొంపిచర్ల పల్నాడులో ఒకటి, చిత్తూరు వైపు ఒకటి ఉన్నాయి, ఇంగ్లీషు అక్షరాల్లో రెండూ ఒకేలా రాస్తారు. రాష్ట్రం మొత్తం మండలాలు ఎక్కించి పేరుతో జాయిన్ చేస్తే మీ రొంపిచర్ల రైతుకు రెండు జోడీలు దొరుకుతాయి. ఏ జిల్లా రాస్తుందో ముందే చెప్పలేం, ఎర్రర్ మాత్రం రాదు. నరసరావుపేట, నర్సరావుపేట లాంటి స్పెల్లింగ్ తేడాలైతే అసలు జోడీయే దొరకదు. 'సెలెక్ట్ డిస్టింక్ట్ మండలం' నడిపి ముందు పేర్లు సరిచేయండి.

ఇంకో సంగతి. మీరు మొదటి పోస్టులో 5,771 అని రాశారు, ఆ అంకె ఇప్పుడు పనికొస్తుంది. 6,218లోంచి 5,771 తీసేస్తే 447. అంటే నిన్నటి తప్పుకు ముందే 447 మంది పల్నాడులో ఉన్నారు. వాళ్లలో 412 మంది పాతవాళ్లు. మిగిలిన 35 మంది ఈ 140లో ఉన్నవాళ్లే. మండలం నుంచి కట్టాక ఎంతమంది పల్నాడు వస్తారో చూసి చెప్పండి.

తెనాలి_కోడర్ | 1:32

అక్కా, అప్‌డేట్ నడిచాక కింద వచ్చే అంకెను నేను ఇంతవరకు చదివిందే లేదు. నిన్న తొందరపడి రోల్‌బ్యాక్ అని చెప్పినందుకు మిర్చియార్డ్ అన్నా, సారీ.

మిర్చియార్డ్ | ఆదివారం సాయంత్రం 5:10

తమ్ముడూ, మొదట పలికింది నువ్వే, ఆ రాత్రి అదే నాకు ధైర్యం.

అక్కా, 140 మందికీ జిల్లా వచ్చింది. పల్నాడు 35 కాదు, 38. ముగ్గురు ఎక్కువ. పొద్దున ఆఫీసుకు వెళ్లి దరఖాస్తులు తీశాను. ఇద్దరు నరసరావుపేట మండలం, ఒకరు వినుకొండ. ముగ్గురూ తమ చేత్తోనే గుంటూరు జిల్లా అని రాశారు, మా వాళ్లు అలాగే ఎక్కించారు. మండలం ప్రకారం వచ్చిన పల్నాడే సరైనది కాబట్టి అలాగే ఉంచాను.

తర్వాత శుక్రవారం మొదలుపెట్టిన అసలు పని కూడా పూర్తిచేశాను. పాత 6,078 మందికి కూడా మండలం టేబుల్ నుంచే కొత్త జిల్లా వేశాను. ముందు గ్రూప్ బై లెక్క ప్రింట్ తీసుకున్నాను, ఓరుగల్లు అన్న చెప్పినట్టే. 'సెట్ ఎస్‌క్యూఎల్_సేఫ్_అప్‌డేట్స్ = 1' అని ఎవరో స్నేహితుడు చెప్తే పెట్టాను. నిజంగానే వేర్ లేని అప్‌డేట్‌ను తిరస్కరిస్తోంది. అయితే 'వేర్ మండలం' అన్నా ఒప్పుకోలేదు, మండలం మీద ఇండెక్స్ (త్వరగా వెతకడానికి వేసే సూచిక) పెట్టాకే కదిలింది.

ఇప్పుడు ఒక సందేహం. మండలాల టేబుల్ ఉన్నాక రైతుల టేబుల్‌లో జిల్లా కాలమ్ ఇంకా అవసరమా? రేపు మళ్లీ జిల్లాలు మారితే 6,218 చోట్ల మార్చడం కంటే మండలం దగ్గర ఒక్కచోట మారిస్తే చాలు కదా. బిల్లుల టేబుల్‌లో కూడా జిల్లా ఉంది, అదీ తీసేయనా?

ఓరుగల్లు_77 | 6:05

రైతుల టేబుల్‌లో తీసేయొచ్చు, మండలం కోడ్ ఒక్కటి ఉంచి జిల్లాను జాయిన్‌తో తెచ్చుకోండి. వెంటనే డ్రాప్ చేయకుండా పేరు 'పాత_జిల్లా' అని మార్చి రెండు నెలలు ఉంచండి. ఏ రిపోర్టు దాని మీద ఆధారపడిందో అది ఆగినప్పుడు తెలుస్తుంది.

బిల్లుల టేబుల్ మాత్రం ముట్టుకోవద్దు. 2021లో వినుకొండ రైతుకు ఇచ్చిన బిల్లు మీద గుంటూరు జిల్లా అనే అచ్చయింది, ఆయన చేతిలోని కాగితం మీద ఇప్పటికీ అదే ఉంది. రేపు ఆయన ఆ కాగితం తీసుకుని కౌంటర్ దగ్గరికి వస్తే మీ తెర మీద కూడా గుంటూరు అనే కనిపించాలి.

మిర్చియార్డ్ | 6:20

సరే అన్నా, బిల్లులు అలాగే ఉంచుతాను. రేపు 9 గంటలకు కౌంటర్ తెరుస్తున్నాం. రైతులు_శుక్రవారం కాపీని ఇంకా తీసేయలేదు.